లిఫ్ట్ కిట్ లేకుండా పికప్‌కి పెద్ద టైర్లు: ఎంతవరకు పడతాయి, ఎక్కడ రాసుకుంటాయి

గోదావరి డెల్టాలో పికప్ అడుగుభాగం తగిలేది బండరాళ్లకు కాదు, మట్టికి. కోతల రోజుల్లో ధాన్యం ట్రాక్టర్లు, మిగతా ఏడాదంతా రొయ్యల మేత బండ్లు తిరిగి తిరిగి పుంతల్లోనూ చెరువు గట్ల మీదా రెండు లోతైన గాడులు చేసేస్తాయి. ఆ గాడుల మధ్య మిగిలిన మిట్ట నాలుగు రోజుల ఎండకు రాయిలా బిగుసుకుంటుంది. పెద్ద చక్రాల మీద ఎత్తుగా నడిచే ట్రాక్టరుకు దానితో పనిలేదు. వెనకే వచ్చిన పికప్‌కి మాత్రం ఆ మిట్ట సరిగ్గా వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్‌కి తగులుతుంది. మిట్ట కాస్త తడిగా ఉంటే హౌసింగ్ దాన్ని గీసుకుంటూ పోతుంది. ఎండిపోయి ఉంటే బండి దాని మీద కూర్చుంటుంది, చక్రాలు గాలిలో తిరుగుతాయి.

దీనికి వీడియోల్లో అందరూ చెప్పే మందు లిఫ్ట్ కిట్, అంటే స్ప్రింగుల దగ్గర బండిని ఎత్తు చేసే సామాను. ఆ మందు ఈ రోగానికి పనిచేయదు. లిఫ్ట్ ఎత్తేది చాసీని, దాని మీదున్న బాడీని. హౌసింగ్ ఉండేది ఇరుసులో, ఇరుసు ఉండేది చక్రాల మధ్యలో. స్ప్రింగులు ఎంత ఎత్తుగా పెట్టినా నేల నుంచి హౌసింగ్ ఎత్తు మారదు. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ దేనికది విడిగా ఊగేది) ఉన్న ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి వాటిలో ముందు వైపు కొంత లాభం కనిపిస్తుంది కానీ, వెనక ఇరుసు దగ్గర లిఫ్ట్ వల్ల వచ్చేది సున్నా. అక్కడ ఎత్తు పెంచగలిగేది టైరు ఒక్కటే. కాబట్టి లిఫ్ట్ లేకుండా పెద్ద టైర్లు వేద్దామనుకోవడం పిసినారితనం కాదు, మన నేలకు తగిన ఆలోచనే. చిక్కంతా ఎంత పెద్దవి అన్న దగ్గర వస్తుంది.

ముందు లెక్క చూద్దాం. టైరు పక్కన 215/75 ఆర్15 అని ఉంటే, 215 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 75 అంటే ఆ వెడల్పులో నూటికి 75 వంతులు పక్కగోడ ఎత్తు, అంటే 161 మి.మీ. 15 అంటే అంగుళాల్లో రిమ్ వ్యాసం, అంటే 381 మి.మీ. పక్కగోడ పైనా కిందా రెండుసార్లు వస్తుంది కాబట్టి మొత్తం వ్యాసం 703 మి.మీ. పైచిలుకు. మన ఊళ్లలో తిరిగే బొలెరో పికప్‌లలో చాలావాటికి ఉండే సైజు ఇదే. ఎక్కువ బరువు మోసే రకాలకు 7.00 ఆర్15 వస్తుంది. అది పాత లెక్క, వెడల్పు అంగుళాల్లో చెప్పే పద్ధతి.

ఇప్పుడు 215/75 తీసి 235/75 ఆర్15 వేశామనుకోండి. వ్యాసం 733 మి.మీ. అవుతుంది. పెరిగింది 30 మి.మీ., నూటికి 4.3. కానీ చక్రం ఇరుసు చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆ 30లో సగమే హౌసింగ్ కిందికి చేరుతుంది, మిగతా సగం పైన మడ్‌గార్డు వైపు పోతుంది. అంటే మనకు మిగిలేది 15 మి.మీ., ఒక వేలు మందం. షాపులో కొత్త టైరు పక్కన పాతది నిలబెట్టి చూస్తే తేడా చాలా కనబడుతుంది. బండి కింద పడుకుని చూస్తే అంత కనబడదు.

ఇక్కడే చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. కొత్త టైరు గాడి లోతు 10 మి.మీ. ఉందనుకుంటే, అది అరిగి 2 మి.మీ.కి వచ్చేసరికి బండి 8 మి.మీ. కిందికి దిగిపోయి ఉంటుంది. బోడి టైర్లతో గట్టు మీద హౌసింగ్ తగులుతోందని పెద్ద సైజు కోసం వెతికేవాళ్లకు, అదే సైజు కొత్త టైర్లు వేసినా సగం పైన ఎత్తు తిరిగొస్తుంది. నిబంధనల ప్రకారం నాలుగు చక్రాల బండికి 1.6 మి.మీ. కన్నా తక్కువ లోతు ఉండకూడదు. ఆ గీత దాకా లాగేవాళ్లే మన దగ్గర ఎక్కువ.

సరే, 15 మి.మీ. కావాలనే నిర్ణయించుకున్నారు. టైరు రిమ్‌కి ఎక్కింది, బండి షాపు ముందు నిలబడింది, ఎక్కడా తగలడం లేదు. మెకానిక్ "పట్టేసిందండీ" అంటాడు. నిలబడ్డ బండిని చూసి ఆ మాట ఎవరూ అనకూడదు. టైరు రాసుకునేది మూడు సందర్భాల్లో. స్టీరింగ్ పూర్తిగా కోసినప్పుడు, స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు, ఆ రెండూ ఒకేసారి జరిగినప్పుడు. మూడోదే అసలు పరీక్ష. గట్టు మీద నుంచి పొలంలోకి వాలుగా దిగుతూ స్టీరింగ్ కోసినప్పుడు జరిగేది అదే.

స్టీరింగ్ కోసినప్పుడు, బండి తిరిగే వైపున్న ముందు చక్రం వెనక అంచు లోపలికి, ముందు అంచు బయటికి పోతాయి, రెండో పక్క చక్రానికి ఇది తిరగబడుతుంది. అందుకని తగిలే చోట్లు దాదాపు ప్రతి బండిలోనూ ఒకటే. డ్రైవరు కాళ్ల ముందుండే గోడ కింద, రెండు రేకులు కలిపి నొక్కిన అంచు ఉంటుంది, అదొకటి. దాని పక్కనే చాసీకి బాడీని బిగించే మౌంట్ ఇంకొకటి. లోపలి వైపు చాసీ పట్టీ, లేదంటే ముందు కమాన్ కట్టలు. ముందు వైపు బంపరు మూల, ప్లాస్టిక్ లైనింగ్. వెనక వేలాడే మడ్ ఫ్లాప్ అన్నిటికన్నా ముందు తగులుతుంది. అది తగిలినా పెద్ద నష్టం లేదు, కాస్త వెనక్కి జరిపి బిగిస్తే చాలు.

ఎక్కడ ఎంత ఖాళీ ఉందో తేల్చుకోవడానికి మన డెల్టాలో దొరికే వస్తువే పనికొస్తుంది. చెరువు తవ్విన చోట జిగురు మట్టి కాస్త తెచ్చి, బొటనవేలు మందాన పొడుగ్గా తాడులా చేయండి. పైన పల్చటి పాలిథిన్ కవరు చుట్టి, ఇందాక చెప్పిన చోట్లన్నిటా అదిమి అంటించండి. నాలుగు టైర్లూ కొనకుండా షాపువాణ్ని ఒప్పించి ఒక్క కొత్త టైరు మాత్రం ముందు వైపు వేయించండి. ఖాళీ బండిని మెల్లగా నడుపుతూ ఒక పక్కకి పూర్తిగా కోయండి, మళ్లీ రెండో పక్కకి కోయండి. అదే పని రివర్స్‌లో చేయండి. రివర్స్ ఎందుకంటే, వెనక్కి పోతూ బ్రేకు నొక్కినప్పుడు రబ్బరు బుష్‌ల సందులో ఇరుసు కొద్దిగా జరుగుతుంది, ముందుకు పోతున్నప్పుడు తగలని చోట అప్పుడు తగులుతుంది. తర్వాత ముందు చక్రం ఒకటి తూము అంచు మీదికో గట్టు వాలు మీదికో ఎక్కించి, స్టీరింగ్ కోసి ఉంచి చూడండి. మట్టి ఎక్కడ నలిగిందో, నలిగాక ఎంత మందం మిగిలిందో చేత్తో తడిమితే తెలిసిపోతుంది.

ఆ మిగిలిన మందం ఎంతుంటే చాలు? తారు రోడ్డు మీద మాత్రమే తిరిగే బండికి ఒక వేలు చాలేమో. మనకి చాలదు. వానాకాలంలో ఒండ్రు మట్టి టైరుకు అంటుకుని వదలదు. పది బారలు నడిచేసరికి టైరు చుట్టూ ఇంకో టైరులా పేరుకుంటుంది. ఆ పేరుకున్న మట్టి పోవడానికి కూడా చోటు కావాలి. లేకపోతే అది మడ్‌గార్డులో బిగుసుకుని చక్రానికి బ్రేకులా పట్టేస్తుంది, ఎండాక లైనింగ్‌ని పీకేస్తుంది. రెండు వేళ్లు ఉంటేనే నేను సరేనంటాను.

వెనక చక్రాల కథ వేరు. ఖాళీ బండిలో వెనక ఎంతో చోటుంటుంది, అది చూసి మోసపోవద్దు. లోడు పడగానే కమాన్ కట్టలు చదునవుతాయి. వంపుగా ఉన్న కట్ట చదునైతే పొడుగు పెరుగుతుంది, ఆ పెరిగిన పొడుగు ఊగే లింకు ఉన్న వైపు జరుగుతుంది. ఆ లింకు వెనక ఉండే బండ్లలో ఇరుసు పైకి లేవడమే కాదు, కొద్దిగా వెనక్కి కూడా పోతుంది. మడ్‌గార్డు మధ్యలో చక్కగా ఉన్న టైరు నిండా మేత బస్తాలు పడ్డాక వెనక అంచుకు దగ్గరవుతుంది. కాబట్టి వెనక పరీక్ష నిండు లోడుతోనే చేయాలి, ముందు పరీక్ష మాత్రం ఖాళీ బండితో. వెనక బరువు పడితే ముందు భాగం లేస్తుంది కదా, లోడు బండిలో ముందు తగలడం లేదంటే తృప్తి పడటానికేం లేదు.

తగులుతుందని తేలితే ఏం చేయవచ్చు? ప్లాస్టిక్ లైనింగ్‌ని వేడిగాలితో మెత్తబరిచి లోపలికి నొక్కవచ్చు, అంచు కాస్త కోయవచ్చు. ఇక్కడిదాకా పర్వాలేదు. కాళ్ల దగ్గరి రేకు అంచుని సుత్తితో కొట్టి వంచడం కూడా చాలామంది చేస్తారు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో అది సాధారణ పనే. సముద్రానికి దగ్గర్లో, ఉప్పునీటి చెరువుల మధ్య తిరిగే బండికి మాత్రం ఆలోచించి చేయాలి. సుత్తి దెబ్బకు పెయింటు, దాని కింది సీలెంటు పగులుతాయి. రొయ్యల ట్రేల నుంచి కారే నీళ్లు, గట్టు మీది ఉప్పు బురద ఆ పగుల్లోకి చేరితే, అక్కడ మొదలైన తుప్పు రెండు రేకుల మధ్యలో కనబడకుండా పాకుతుంది. కొట్టించక తప్పకపోతే, అదే రోజు ప్రైమరు, సీలెంటు, కింద వేసే నల్లకోటింగ్ మూడూ వేయించాలి. బాడీ మౌంట్‌ని కోయడం మాత్రం లోడు బండికి వద్దే వద్దు.

ఇంకో మార్గం స్టీరింగ్ ఆగే బోల్ట్. ముందు ఇరుసు దగ్గర స్టీరింగ్ ఇంతకుమించి తిరగకుండా ఆపే బోల్ట్ చాలా బండ్లలో సర్దుబాటు చేసుకునేలా ఉంటుంది. దాన్ని నాలుగు చుట్లు బయటికి తిప్పితే టైరు చాసీకి తగలకుండానే ఆగిపోతుంది. ఖర్చు లేదు, కోత లేదు. కానీ బండి తిరగడానికి కావలసిన చోటు పెరుగుతుంది. ఇదే బండి హైదరాబాద్‌లో ఉంటే ఇది పెద్ద విషయం కాదు. రెండు చెరువుల మధ్య గట్టు మీద మూడు కోతల్లో తిప్పుకునే బండి ఐదు కోతలు తీసుకుందంటే, అందులో ప్రతి కోతకీ వెనక చక్రం నీటి అంచుకు వెళ్తుంది. 15 మి.మీ. ఎత్తు కోసం అంత ఇవ్వాలా అన్నది బండి తిప్పేవాడు చెప్పాలి, యజమాని కాదు.

టైరుని బయటికి జరిపే ఉపాయాలు కూడా ఉన్నాయి. ఆఫ్‌సెట్ తక్కువున్న, అంటే టైరుని హబ్ నుంచి బయటి వైపుకి కూర్చోబెట్టే రిమ్‌లు, హబ్‌కి రిమ్‌కి మధ్య బిగించే స్పేసర్లు. లోపల చాసీకి తగలడం వీటితో ఆగుతుంది. అయితే టైరు బయటికి వచ్చిన కొద్దీ స్టీరింగ్ కోసినప్పుడు అది గీసే వలయం పెద్దదవుతుంది, లోపల తీరిన గొడవ బంపరు మూల దగ్గర మొదలవుతుంది. పైగా బరువు హబ్ బేరింగ్‌కి దూరంగా పడి బేరింగ్ మీద ఒత్తిడి పెరుగుతుంది. ఖాళీగా తిరిగే సొంత బండికి అది నెమ్మదిగా తెలిసే నష్టం. రోజూ లోడెక్కే బండికి తొందరగా తెలుస్తుంది. టైరు మడ్‌గార్డు దాటి బయటికొచ్చిన బండి వానాకాలంలో పక్కన పోయేవాళ్లందరికీ బురదాభిషేకం చేస్తుందన్నది ఇంకో ముచ్చట.

రిమ్ వెడల్పు కూడా చూసుకోవాలి. 235/75 ఆర్15కి కనీసం 6 అంగుళాల రిమ్ ఉండాలి. రిమ్ మీద 6జె అనో 5½జె అనో పోతపోసి ఉంటుంది. సన్నటి రిమ్ మీద వెడల్పు టైరు బలవంతంగా ఎక్కిస్తే ఎక్కుతుంది, కానీ నడిమి ఉబ్బి అక్కడే అరుగుతుంది, మలుపులో పక్కగోడ ఊగుతుంది. ఇంటర్నెట్‌లో అందరూ మోజుపడే 31×10.5 ఆర్15 అయితే 7 అంగుళాల రిమ్ అడుగుతుంది, వ్యాసం 787 మి.మీ., అంటే 215 సైజు కన్నా దాదాపు నూటికి 12 ఎక్కువ. లిఫ్ట్ లేకుండా మామూలు పికప్‌లో అది పట్టదు. పట్టిందని ఎవరైనా అంటే ఏదో కోసి ఉంటారు, లేకపోతే వెనక కట్టల్లో అదనపు ఆకు వేసి ఉంటారు. ముందు టార్షన్ బార్ (స్ప్రింగుకి బదులు మెలిపడే కడ్డీ) ఉన్న బండ్లలో దాని బోల్ట్ బిగించి ముందు భాగం లేపడం కూడా అలాంటిదే. పెట్టెలో వచ్చిన కిట్ లేకపోవచ్చు, చేసింది మాత్రం లిఫ్టే. అలైన్‌మెంటు, జాయింట్ల కోణాలు అన్నీ దానితోపాటే మారతాయి.

ఇప్పటిదాకా చెప్పింది చోటు గురించి. లోడు బండికి దీనికన్నా ముందు చూడాల్సింది టైరు మోసే బరువు. ఆ సంగతి షాపులో అడిగేవాళ్లు అరుదు. సైజు పక్కనే ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి, 106ఎస్ లాగా. ఆ 106 లోడ్ ఇండెక్స్. 100 అంటే ఒక టైరు 800 కిలోలు మోస్తుంది, 104 అంటే 900, 106 అంటే 950, 110 అంటే 1,060, 112 అంటే 1,120. పికప్‌లకు వచ్చే ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైర్లు లోపల ఎక్కువ బలంగా కట్టి, ఎక్కువ గాలి పట్టేలా చేస్తారు. కార్లకూ ఎస్‌యూవీలకూ వచ్చేవి అలా ఉండవు. అందుకని, తీసేసిన 215 ఎల్‌టీ టైరు మీద 106 ఉండి, దాని స్థానంలో మోజుపడి వేసిన 235 ఎస్‌యూవీ టైరు మీద 105 ఉండటం జరగని పని కాదు. 105 అంటే 925 కిలోలు. చూపుకి టైరు పెద్దదైంది, మోసే శక్తి చక్రానికి 25 కిలోలు తగ్గింది. ఆ 925 కూడా పక్కగోడ మీద రాసిన పూర్తి గాలి ఉన్నప్పటి మాట. మెత్తగా నడవాలని గాలి తగ్గిస్తే మోసే శక్తి ఇంకా పడిపోతుంది.

వెనక ఇరుసు మీద పడే బరువు, బండి బరువు, సరుకు, అన్నీ కలుపుకుని రెండు టైర్ల మీద పడుతుంది. మేత బస్తాలు 25 కిలోలవి. "ఇంకో పది వేసేయండి" అన్న ఒక్క మాట పావు టన్ను. చలికాలంలో పర్వాలేదు. మే నెల మధ్యాహ్నం, కాకినాడ నుంచి అమలాపురం, నరసాపురం మీదుగా పోయే 216 జాతీయ రహదారి మీద, గాలి తక్కువున్న కారు రకం టైరుతో నిండు లోడు పోతుంటే పక్కగోడ వంగి వంగి వేడెక్కుతుంది. టైర్లు పగిలేది గట్టు మీద కాదు, ఇలాంటి చోట. కాబట్టి కొత్త టైరు లోడ్ ఇండెక్స్ కంపెనీ టైరుతో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. అలాంటిది ఆ సైజులో దొరకకపోతే ఆ సైజు మన బండికి లేదనే లెక్క.

మీటరు సంగతి త్వరగా చెప్పేస్తాను. వ్యాసం నూటికి 4.3 పెరిగితే, మీటరు 60 చూపించినప్పుడు బండి 62.6 మీద పోతుంటుంది. కంపెనీ మీటర్లు ఎలాగూ కాస్త ఎక్కువ చూపిస్తాయి కాబట్టి ఇది దాదాపు సర్దుకుపోతుంది. వేగానికి 80 దగ్గర కళ్లెం ఉన్న బండి 83 దాకా పోతుంది. కిలోమీటర్ల లెక్క మాత్రం తక్కువ పడుతుంది. మీటరు ప్రకారం లీటరుకి 12 వచ్చిందంటే అసలు వచ్చింది 12.5. "పెద్ద టైర్లేశాక మైలేజీ పడిపోయింది" అన్న ఫిర్యాదులో కొంత భాగం ఈ లెక్క తప్పే. మిగతాది నిజమే, బరువైన టైరుని కదపడానికి డీజిలు కావాలి. గేర్లు కూడా నూటికి 4 వంతులు పొడుగైనట్టే. నిండు లోడుతో గట్టు ఎక్కేటప్పుడు ఫస్ట్ గేర్ బలం అంత మేర తగ్గుతుంది, ఆ లోటు క్లచ్ ప్లేటు పూడుస్తుంది. బ్రేకు పట్టు కూడా నేల దగ్గర అదే వంతున తగ్గుతుంది. నూటికి 4 అంటే చాలామందికి తెలియదు కూడా, 12 అంటే మొదటి మలుపులోనే తెలుస్తుంది. ఇంజినీర్లు సాధారణంగా నూటికి 3 దగ్గర గీత గీస్తారు. నా లెక్కలో 235/75 అన్నది ఆ గీత దాటి ఒక అడుగు అవతల ఉంది, అంతకుమించి పోవడానికి లేదు.

భీమవరం, ఆకివీడు వైపు ఆక్వా రైతుల దగ్గర కనిపించే వీ-క్రాస్, హైలక్స్‌ల వాళ్లకు లెక్క కొంచెం మారుతుంది. వీ-క్రాస్ 255/60 ఆర్18 వ్యాసం 763 మి.మీ. హైలక్స్ 265/60 ఆర్18 వ్యాసం 775. మొదటిదాని నుంచి రెండోదానికి మారితే 12 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. ఎత్తు. ఈపాటి దానికి పాత టైర్లు అమ్ముకోవడం దండగ, అరిగాక వేసుకుంటే వేసుకోవచ్చు. 265/65 ఆర్18 అయితే 802 మి.మీ., వీ-క్రాస్‌కి నూటికి 5 పెరుగుతుంది. లైనింగ్ దగ్గర పనిపడుతుందన్న మాట. వీటిలో నాకు నచ్చే దారి వేరే. 17 అంగుళాల రిమ్‌ల మీద 265/65 ఆర్17 వేస్తే వ్యాసం 776, అంటే హైలక్స్ సొంత టైరంతే. కొత్తగా ఎక్కడా తగలదు, కానీ పక్కగోడ 159 నుంచి 172 మి.మీ. అవుతుంది. ఆ అదనపు రబ్బరే గుంటల్లో రిమ్‌ని కాపాడేది, ఇసుకలో గాలి దించినప్పుడు పనికొచ్చేది. రిమ్ లోపల బ్రేకు కాలిపర్ తగలకుండా ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండిలో నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందు రెండు పాతవి, వెనక రెండు పెద్దవి అని సర్దుకుని ఫోర్ వీల్ వేస్తే, ముందు ఇరుసూ వెనక ఇరుసూ వేర్వేరు వేగాలు అడుగుతాయి. ఆ పెనుగులాట ఇంజిన్ బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. బురదలో చక్రాలు జారుతాయి కాబట్టి కొంత సర్దుకుంటుంది, గట్టి నేల మీద సర్దుకోదు.

చట్టం గురించి రెండు ముక్కలు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అలాంటి ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీ బండి మోడల్‌లోనే పై రకానికి కంపెనీ ఇచ్చిన సైజు వేసుకుంటే వాదన మీవైపు ఉంటుంది. మడ్‌గార్డు దాటి పొడుచుకొచ్చిన టైర్లతో ఫిట్‌నెస్‌కి వెళ్లినా, ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసినా ప్రశ్నలు ఎదురవుతాయి.

అసలు ఈ సైజు గొడవలో పడేముందు, బండి ఎక్కడ ఎందుకు ఆగుతోందో చూడాలి. హౌసింగ్ మిట్టకు తగిలి ఆగుతోందా, లేక మిట్ట లేకపోయినా చక్రాలు జారి దిగబడుతోందా? మొదటిది ఎత్తు సమస్య. రెండోది పట్టు సమస్య, దానికి సైజుతో పనిలేదు. మన జిగురు మట్టిలో రోడ్డు టైరు గాడులు రెండు చుట్లకే నిండిపోయి నున్నటి చక్రమైపోతుంది. గాడులు వెడల్పుగా, లోతుగా ఉండి మట్టిని విసిరేసే ఏటీ (ఆల్ టెరైన్) రకం టైరు, అదే 215/75లో వేసినా, బోడి 235 కన్నా చాలా మెరుగు. ఎంటీ (మడ్ టెరైన్) రకం ఇంకా బాగా విసురుతుంది కానీ తడి తారు మీద పట్టు తక్కువ, మోత ఎక్కువ. రోజూ రావులపాలెం దాకా లోడు తోలే బండికి నేను చెప్పను. వెడల్పు కూడా అన్నిచోట్లా మేలు చేయదు. పైన పల్చటి బురద, కింద గట్టి నేల ఉన్న పుంతలో సన్నటి టైరు బురదని కోసుకుని కింది నేలని పట్టుకుంటుంది. 7.00 ఆర్15 ఎత్తుగా సన్నగా ఉండి అందుకే పాతకాలపు డ్రైవర్లకు ఇష్టం. అడుగు లేని మెత్తటి గట్టు మీదా ఇసుకలోనూ వెడల్పు పనికొస్తుంది.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుకలో దిగబడిన బండికి పెద్ద టైరుకన్నా గాలి దించడమే మందు. ఖాళీ బండి గాలి 18, 20 పీఎస్ఐకి దించితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. గట్టి రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. అందుకు లైటర్ సాకెట్‌కి పెట్టుకునే చిన్న పంపు నాలుగు కొత్త టైర్ల ఖరీదులో ఎన్నో వంతు కాదు.

వరద నీళ్లలో పోవచ్చు కదా అని పెద్ద టైర్లు వేసేవాళ్లూ ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మీద నీళ్లు పారడానికి పెద్ద వరదే రానక్కర్లేదు. అడుగుల్లో పెరిగే నీటికి 15 మి.మీ. ఏ లెక్క? పైగా పారే నీటిలో వెనక ఖాళీగా ఉన్న పికప్ తేలిక, వెడల్పు టైర్లు దాన్ని ఇంకా తేల్చుతాయి. అక్కడ పంటు కోసమో పడవ కోసమో ఆగడమే.

ఇక వేయించడానికే వెళ్తుంటే స్టెప్నీని మర్చిపోవద్దు. కింద వేలాడే బండ్లలో పెద్ద టైరు ఆ చోట పట్టకపోవచ్చు, పట్టినా సైలెన్సర్‌కి దగ్గరవచ్చు, లేదా వెనక కిందికి జారి, నరసాపురం రేవులో పంటు దిగేటప్పుడు మొదట నేలని తాకేది అదే కావచ్చు. కాబట్టి షాపులో కొత్త టైరుని ముందు చక్రానికి వేసి చూసినట్టే, ఒకసారి స్టెప్నీ చోట కూడా గొలుసుతో పైకి లాగి చూడమనండి. పట్టకపోతే లోడు పెట్టుకునే చోటే దాన్నీ పెట్టుకోవాలి, అప్పుడు ప్రతి ట్రిప్పుకీ ఒకటో రెండో బస్తాలు తగ్గుతాయి. బేరం ఆడేటప్పుడు ఐదు టైర్లకు ఆడండి, నాలుగింటికి కాదు.